గోటి గీత

మా సారు చనిపోయారన్న కబురు నాకు టీ అంగడి ఆమె తెచ్చింది. పొద్దున్నే లారీ ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచి, బుడగ ఎక్కడ లేస్తుందా అని చూస్తున్నాను. ఆమె వచ్చి తొట్టి పక్కన నిలబడింది. చేతిలో గ్లాసు లేదు. చేతిలో గ్లాసు లేకుండా ఆమె నా అంగడికి ఎప్పుడూ రాలేదు.

"సారు లేడు బాయ్" అన్నది.

"ఎవరు చెప్పినారు?" అన్నాను.

"ఎవురూ చెప్పల్యా. నేనే పోయి చూసి వస్తాండా. చెయ్యి పట్టుకొని చూసినా."

ఇక అడగడానికి నా దగ్గర ప్రశ్న లేకపోయింది. ట్యూబు మీద నా చేతులు అట్లాగే ఉండిపోయాయి. దానిలోంచి గాలి చిన్నగా పోతూనే ఉంది.

చావు కబురు తెచ్చిన మనిషికి ఎదురు ప్రశ్న వేయడం మర్యాద కాదని నాకూ తెలుసు. కానీ మా ఊళ్లో, మా సారు విషయంలో, అదే మర్యాద. ఎందుకో మీకు చెప్పాలంటే ఆయన మొదటిసారి చనిపోయినప్పటి సంగతి చెప్పాలి. అది చెప్పాలంటే ముందు ఆయన పాఠం గురించి చెప్పాలి. నేను తిన్నగా నడిచే మనిషిని కాను, ఓపిక పట్టండి.

గోరంట్ల నుంచి కొత్తచెరువు పోయే రోడ్డు మీద, మా ఊరి బస్టాపు పక్కన నా పంక్చరు అంగడి. దానికి ఆనుకుని ఒక రేకుల షెడ్డు. ఒకప్పుడు అందులో పాలు పోయించుకునేవాళ్లు. వానలు పోయి, పసరిక పోయి, ఆవులు పోయి, చివరకు పాలు పోయించుకునేవాళ్లు కూడా పోయారు. షెడ్డు మిగిలింది. సర్కారు బడిలో ఉద్యోగం అయిపోయాక సారు సాయంత్రాలు అక్కడ పిల్లల్ని కూర్చోబెట్టడం మొదలుపెట్టారు. పడమటి వైపు గోడ లేదు. ఎండ సూటిగా పిల్లల ముఖాల మీద పడేది.

ఆయన నేర్పేది లెక్కలు కాదు, ఇంగ్లీషు కాదు. చదవడం. అక్షరాలు వచ్చిన పిల్లలకే చదవడం నేర్పేవారు. ఇదేం చోద్యమని మొదట్లో ఊళ్లో నవ్వుకున్నారు. ఒక తండ్రి నేరుగా వచ్చి అడిగాడు కూడా.

"మావోడు గడగడా చదువుతాడు గదా సార్, ఇంకేం చదివిస్తావు?"

"చదివినాక ఏముండాదో చెప్పమను చూద్దాం."

చెప్పమంటే ఆ పిల్లవాడు మళ్లీ గడగడా చదివాడు.

"కథలు మీ అవ్వ నాకంటే బాగా చెప్తాది. కథ కానిది ఎట్ల చదవాల్నో నేను నేర్పిస్తా" అనేవారు సారు. అందుకే పిల్లలు దాన్ని 'కథ కాని క్లాసు' అని పిలిచేవాళ్లు. పుస్తకం ఉండేది కాదు. అచ్చయింది ఏదైనా తెచ్చుకోవాలి, కథ మాత్రం కాకూడదు. పురుగుమందు డబ్బాలో మడిచి పెట్టే కాగితం, విత్తనాల సంచి మీది రాత, బోర్లు వేసే లారీవాళ్లు పంచే కరపత్రం, బోండాలు చుట్టిన పాత పేపరు, మాత్రల అట్ట. నూనె మరకల మధ్య నుంచి పిల్లలు ప్రపంచాన్ని చదివేవాళ్లు.

చదివాక కాగితం బోర్లా పెట్టాలి. ఏముందో సొంత మాటల్లో చెప్పాలి. తర్వాత మూడు ప్రశ్నలు. ఎవరు చెప్పినారు? వాళ్లకెట్ల తెలిసె? చెప్పకుండా ఏం వదిలిపెట్టినారు?

మూడో ప్రశ్న దగ్గర పిల్లలు తెలివి చూపించేవాళ్లు. పురుగుమందు కాగితం చదివిన రోజు టీ అంగడి ఆమె కూతురు లేచి, "మందు కొట్టినాక సబ్బుతో బాగా కడుక్కోవాలని రాసినారు సార్. బిందెడు నీళ్లు వారానికోసారి వచ్చే ఊర్లో ఎట్ల కడుక్కోవాల్నో రాయలేదు" అన్నది. సారు ఆ కాగితం అందుకుని మళ్లీ ఒకసారి చదివారు. "ఈ కాగితం రాసినోడు మన ఊరు చూసినోడు కాదు పాపా. అది కూడా ఈ కాగితంలోనే ఉండాది, చూడు" అన్నారు.

ఇక గోటి గీత. అర్థం కాని మాట వస్తే పెన్సిలుతో గీత గీయనిచ్చేవారు కాదు. "కాగితం మనది కాదు, ఎవురిదో తెచ్చుకున్నాం. గోరు మాత్రం మనదే" అనేవారు. మాట కింద బొటనవేలి గోటితో నొక్కి గీయాలి. మామూలుగా చూస్తే కనిపించదు. తల ఒక పక్కకు వాల్చి, కాగితాన్ని వెలుతురుకు వాల్చి చూస్తే సన్నని గాడి తేలుతుంది. ఆ మాట అర్థమైన రోజు, అదే వేలి కండతో రుద్ది గీతను చదును చేయాలి. సాయంత్రం ఎండలో పిల్లలందరూ తలలు వాల్చి కాగితాలకేసి చూస్తుంటే, మెడలు పట్టేసిన కోళ్ల మందలా కనిపించేవాళ్లు. నేను నవ్వేవాణ్ణి. ఒక రోజు నా చేతిలో ఉన్న టైరు కంపెనీ కాగితాన్ని అట్లాగే వాల్చి చూస్తున్నానని నాకే తెలిసి నవ్వడం మానుకున్నాను.

నేను బడికి పోయినవాణ్ణి కాదు. అక్షరాలు లారీల వెనక నేర్చుకున్నాను. నన్ను దాటి దూరంగా పోతున్న మాటలతోనే నా చదువంతా జరిగింది. పక్క షెడ్డులో సారు చెప్పేది చెవిన పడ్డాక, మొట్టమొదటిసారి మాటలు నా ముందు ఆగి నిలబడ్డాయి.

ఇప్పుడు మొదటి చావు. జిల్లా ఇంకా రెండుగా విడిపోని రోజుల్లో, గుండెలో ఏదో బరువుగా ఉందని సారు భార్యతో కలిసి బెంగుళూరు ఆస్పత్రికి పోయారు. ఆమెను మేమందరం అక్క అంటాం. ఇద్దరికీ ఒకటే ఫోను. దాని చార్జరు ఇంట్లోనే మరిచిపోయారు. అదే ఆస్పత్రిలో మా వైపు నుంచి పోయిన ఇంకో రిటైరైన అయ్యవారు కన్నుమూశారు. ఆ కబురు ఫోన్లలో బయలుదేరి, ఒక్కో చేతిలో ఒక్కో మాట రాల్చుకుంటూ మా ఊరికి చేరేసరికి, అందులో మిగిలింది ఆస్పత్రి, అయ్యవారు, చావు. ఆ మూడింటికీ సరిపోయే మనిషి మాకు ఒక్కరే.

మరి ఎవరూ కనుక్కోలేదా అంటారు మీరు. కనుక్కోవడానికి తీరిక ఎక్కడిది? మా ఊళ్లో పై వీధి, కింద వీధి అని రెండు వర్గాలు. పెళ్లయినా చావైనా బస్టాపులో మొదటి ఫ్లెక్సు ఎవరిదన్నది మాకు ఓట్లంత ముఖ్యం. పై వీధివాళ్లు ఫ్లెక్సు అచ్చు వేయించడానికి పుట్టపర్తికి మోటారు సైకిలు పంపారని కింద వీధికి తెలిసింది. కింద వీధి నుంచి రెండు మోటారు సైకిళ్లు పోయాయి. కనుక్కుందామని ఆగినవాడు వెనకబడిపోతాడు. మా ఊరి మనుషులు తప్ప ఇంకెవరూ చేయలేని తప్పు అది.

ఫ్లెక్సు సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. మా వైపు ఫ్లెక్సు ఎప్పుడూ వృథా కాదు. పండగ అయ్యాక, ఎలక్షన్ అయ్యాక, అది గడ్డివామి మీదికి, మేకల దొడ్డి మీదికి, ఆరబోసిన శెనక్కాయల మీదికి పోతుంది. చేతులు జోడించి నవ్వుతున్న నాయకుల ముఖాల మీద మా మేకలు పడుకుంటాయి. ఎండకు ముందు ఎరుపు పోతుంది, తర్వాత పసుపు పోతుంది. నీలం, నలుపు మిగులుతాయి. అందుకే మా చేలలో ఎక్కడ చూసినా నీలం ముఖాలు. గాలి వీచినప్పుడు వాటి బుగ్గలు ఉబ్బుతాయి, లోపలికి పోతాయి. కొత్తగా వచ్చినవాళ్లు జడుసుకుంటారు. మేము అలవాటు పడ్డాం.

మరుసటి రోజు పొద్దునకల్లా బస్టాపులో రోడ్డుకు అటూ ఇటూ రెండు ఫ్లెక్సులు. ఛాతీ ఎత్తున, ఒకదానికొకటి ఎదురుగా. రెండింటిలోనూ మా సారు. పై వీధి ఫ్లెక్సులో మీసాలు నల్లగా ఉన్నప్పటి ఫోటో. కింద వీధివాళ్లకు విడి ఫోటో దొరకలేదు, బడి ఉత్సవాల గ్రూపు ఫోటోలోంచి కత్తిరించారు. పక్క మనిషిని తీసేశారు గానీ అతని చెయ్యి సారు భుజం మీద అట్లాగే ఉండిపోయింది. మణికట్టు దగ్గర తెగిపోయిన చెయ్యి. నాలుగు వేళ్లు మా వైపుకు.

ఎర్ర బస్సు వచ్చి ఆగింది. నేను సైకిలు రిమ్ము తిప్పుతున్నాను. ముందు అక్క దిగింది. తర్వాత సారు దిగారు.

బస్టాపులో మాట ఆగిపోయింది. మాట ఆగిపోవడం మీరు విని ఉంటారు. ఇది అట్లా కాదు. గాలి కూడా ఆగి, రెండు ఫ్లెక్సులూ పక్కటెముకలు బిగబట్టినట్టు నిలబడ్డాయి. కండక్టరు సారును చూశాడు, ఫ్లెక్సును చూశాడు, విజిలు వేయడం మరిచిపోయాడు.

సారు ఎవరినీ పలకరించలేదు. సంచి కింద పెట్టి, కళ్లజోడు పెట్టుకుని, ఒక ఫ్లెక్సు మొదలు నుంచి చివరిదాకా చదివారు. రోడ్డు దాటి రెండోది చదివారు. అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడింది.

"బాయ్" అన్నారు నాకేసి తిరిగి. "ఇదేమో బుధవారం రాత్రి అంటాది. అదేమో గురువారం తెల్లార్జాము అంటాది. నువ్వు దేన్ని నమ్ముతావు?"

నేను రిమ్ము పక్కన పెట్టి లేచాను. అక్క మాత్రం ఊరుకోలేదు. "తీయించు. ఆ బొమ్మలు రెండూ తీయించు ముందు."

"ఉండనీవే. ఇన్నేండ్లకు నా పిల్లోళ్లకు సరైన పాఠం దొరికినాది."

"నీ పాఠానికి నా బొట్టు అడ్డం పెట్టాల్నా?" అన్నది అక్క. సారు తల వంచుకున్నారు.

నిజానికి ఆయన తీయించాలనుకున్నా అయ్యేది కాదు. పై వీధివాళ్లు ముందు తీస్తే తప్పు పై వీధిదవుతుంది. కింద వీధివాళ్లు ముందు తీస్తే తప్పు కింద వీధిదవుతుంది. కాబట్టి రెండూ ఉండిపోయాయి. పైగా కింద వీధి ఫ్లెక్సులో ఒక అడుగు ముందుకేసి, ఫలానా తేదీన దినాలు, అన్నదానం అని కూడా వేయించారు. ఆ తేదీ ఇంకా రాలేదు.

అసలు చిక్కు అదే. చావు అబద్ధమని అందరూ కళ్లారా చూశారు. తేదీ మాత్రం ముందర ఉంది. పేరు పెట్టి పిలిచి, బొమ్మ పెట్టి, దినాలు కూడా ఖాయం చేశాక చావు ఊరికే తిరిగి పోతుందా అని ఆడవాళ్లు గుసగుసలాడుకున్నారు. ఆ భుజం మీది చెయ్యి ఎవరిదో ఎవరికీ గుర్తు రాకపోవడం ఇంకా భయం పెట్టింది. ఉత్సవానికి పోయినవాళ్లందరినీ అడిగారు. నాది కాదంటే నాది కాదన్నారు.

టీ అంగడి ఆమె సారుకు స్టీలు గ్లాసులో పోయడం మానేసి, పారేసే కాగితం కప్పులో పోసింది. ఆయన తాగిపోయాక బెంచీ మీద నీళ్లు చల్లింది. మంగలి అంగడి దగ్గర ఒక పిల్లవాడు ఆయన ముఖం చూడకుండా పాదాలు చూశాడు. దయ్యాలకు పాదాలు వెనక్కి ఉంటాయి కదా. సారు గమనించి, చెప్పులు విడిచి, రెండు పాదాలూ ఎండలో పెట్టారు.

"ఎట్లుండాయి రా?"

"ముందుకే ఉండాయి సార్."

"ఎవరు చెప్పినారు?"

"నేనే చూసినా సార్."

"ఆ. అది మీ ఇంట్లో పోయి చెప్పు."

పిల్లవాడు చెప్పే ఉంటాడు. మరుసటి రోజు నుంచి వాణ్ణీ షెడ్డుకు పంపలేదు. ఒక్కొక్కరే మానుకున్నారు. తేదీ దాటనీ చూద్దాం అన్నారు. దాటినాక మాత్రం పంపుతారని ఏముంది? ఒకసారి దడుచుకున్న ఇంటి నుంచి మళ్లీ పిల్లవాణ్ణి బయటికి లాగడం ఎంత కష్టమో నాకు తెలుసు. సారుకు నాకంటే బాగా తెలుసు. ఆయనకు పిల్లలు లేరు. ఉద్యోగం అయిపోయింది. ఆ షెడ్డే ఆయన ఊపిరి. అది పోతే, ఫ్లెక్సులో రాసింది ఎంతోకొంత నిజమైనట్టే.

అయినా ఆయన రోజూ వచ్చేవారు. ఖాళీ నేల ముందు కూర్చునేవారు. నేను ఇవతల ట్యూబులు అతికిస్తూ వినేవాణ్ణి. ఏదో కాగితం పైకి చదివేవారు. "ఎవరు చెప్పినారు?" అని అడిగేవారు. తర్వాత, ఒక పిల్ల లేచి జవాబు చెప్పేంతసేపు నిశ్శబ్దం. తర్వాత "ఊఁ, బాగుంది. వాళ్లకెట్ల తెలిసె?" మళ్లీ నిశ్శబ్దం. ఒకసారి ఎవరో చెప్పిన తప్పును సరిదిద్దినట్టు, "కాదు, మళ్లా చదువు" అన్నారు. పోయి చూశాను. నేల మీద దుమ్ము తప్ప ఏమీ లేదు. ఆయన ఆ దుమ్ములో ఒక చోటుకేసి చూస్తున్నారు. రోజూ టీ అంగడి పిల్ల కూర్చునే చోటు.

"ఎవురికి చెప్తాండావు సార్?" అన్నాను.

"నేను లేనని వాళ్లనుకుంటాండారు. వాళ్లు లేరని నేను అనుకోకపోతే పోయిందేముండాది బాయ్?" అన్నారు.

ఆ తేదీ రానే వచ్చింది. అన్నదానం మాట కింద వీధివాళ్లు ఎత్తలేదు. కానీ సాయంత్రం ఎండ వాలేసరికి బస్టాపులో జనం ఎక్కువయ్యారు. ఎవరికీ ఎక్కడికీ పోయే పని లేదు, బస్సు మాత్రం అందరికీ కావాలి. సారు మామూలుగానే వచ్చారు. ఆ రోజు షెడ్డులోకి పోకుండా, తెగిన చెయ్యి ఉన్న ఫ్లెక్సు ముందు నేల మీద కూర్చున్నారు. కింద ఆయన ముఖం, పైన ఫ్లెక్సులో ఆయన ముఖం.

టీ అంగడి పిల్ల పరుగెత్తుకుంటూ వచ్చింది. ఒక చెంప ఎర్రగా ఉంది.

"సార్, ఈపొద్దు మీరు సచ్చిపోతారంట."

"ఎవరు చెప్పినారు?"

"మా అమ్మ. నీకెట్ల తెలుసని అడిగితే కొట్టింది సార్."

బస్టాపులో ఎవరో కిసుక్కున నవ్వారు. టీ అంగడి ఆమె అట్లకాడ పట్టుకునే నిలబడిపోయింది. పిల్లను వెనక్కి పిలవలేదు, అదే మేలు.

"అట్లయితే చదువుదాం పా" అన్నారు సారు.

పిల్ల చదివింది. ఒక్కో వాక్యానికీ ఆగి, రోడ్డు దాటి రెండో ఫ్లెక్సు చూసి వచ్చి పోల్చి చెప్పింది. వారాలు కలవలేదు. వయసు కలవలేదు. 'అకాల మరణం' అని ఒకదానిలో ఉంటే, 'నిండు జీవితం గడిపి' అని ఇంకోదానిలో ఉంది. 'ఊరికి తీరని లోటు' అన్న చోట సారు, "లోటు ఎట్ల కొలిచినారో అడుగు" అన్నారు. దూరంగా నిలబడ్డ పిల్లలు కొందరు, తల్లుల చేతులు విడిపించుకోకుండానే, ఒక్కో అడుగు దగ్గరికి వచ్చారు. ఒక్కొక్కడికీ ఏదో ఒకటి చెప్పాలని నోరు దురద పెడుతోంది.

"సార్, ఆ చెయ్యి ఎవురిది?" అని ఒకడు తెగించి అడిగాడు.

"నాకూ గుర్తు లేదు రా. తెలియనిదాన్ని తెలియదనల్ల. యముడిది అని రాసి పెట్టినారా యాడన్నా?"

"లేదు సార్."

"అయితే ఎవురో నాకు తెలిసినోడిది. భుజం మీద చెయ్యేసినాడంటే నా మీద కోపం ఉన్నోడు కాదు. అంతవరకే చదువు."

చివరి వాక్యం దగ్గర పిల్ల ఆగిపోయింది. 'మన సారు ఇక లేరు' అని ఉంది. చాలాసేపు చూసి, ముందుకు వంగి, 'ఇక లేరు' కింద బొటనవేలి గోటితో గట్టిగా గీసింది. పైపూత లేచి సన్నని గాడి పడింది.

"అర్థం కాలేదా పాపా?"

"లేరు అంటే యాడ లేరు సార్? ఈడ లేరా, యాడా లేరా?"

ఎండ కొండ అంచు మీదికి దిగింది. రోడ్డు మీద మా నీడలన్నీ పొడుగై ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి.

"నాకూ ఆ మాట కింద గీత అట్లనే ఉండాది పాపా, నీ వయసు నుంచి" అన్నారు. "ఫ్లెక్సు మీద గీత రుద్దితే పోదు. ఉండనీ."

బస్సు వచ్చింది. ఎవరూ ఎక్కలేదు. చీకటి పడింది, సారు లేచి మట్టి దులుపుకుని నా అంగడిలోకి వచ్చి కూర్చున్నారు. "చెయ్యి చూడు బాయ్" అని చాచారు. పట్టుకుంటే తొట్టిలో నీళ్లంత చల్లగా ఉంది.

"భయపడినావా సార్?"

"ఇన్నేండ్లు పిల్లోళ్లకు చెప్పినా, అచ్చులో వచ్చిందల్లా నిజం కాదని. నా పేరు అచ్చులో చూసినాక నా బుద్ధి నమ్మలేదు గానీ, నా ఒళ్లు నమ్మింది. ఈపొద్దు పొద్దున్నుంచి ఒళ్లు సావడానికి తయారై కూచున్యాది." కొంచెం ఆగి, "ఆ పిల్ల రాకపోయింటే ఏమై ఉండునో నాకు తెలీదు" అన్నారు.

మరుసటి రోజు సాయంత్రం పిల్లలందరూ వచ్చారు. టీ స్టీలు గ్లాసులో వచ్చింది. చక్కెర కూడా ఆమె రెండింతలు వేసిందని సారు చెప్పారు.

ఫ్లెక్సులు దించేటప్పుడు రెండు వర్గాలూ ఒకే నిమిషంలో తాళ్లు కోశాయి. అది కూడా నేను చూడవలసిన వింతే. పై వీధి ఫ్లెక్సు వామి మీదికి పోయింది. తెగిన చెయ్యి ఉన్నదాన్ని సారు అడిగి తీసుకున్నారు. అక్క తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. దాన్ని తెచ్చి షెడ్డుకు గోడ లేని పడమటి వైపు, ముఖం రోడ్డుకు పెట్టి, పరదాలా కట్టారు. పిల్లలకు ఎండ తప్పింది.

ఆ పరదా వెనక పాఠం ఎట్లా ఉండేదో మీకు చెప్పాలి. సాయంత్రం ఎండ ఫ్లెక్సు వెనక నుంచి పడి గుడ్డంతా వెలిగేది. లోపలి నుంచి చూస్తే సారు ముఖం తిరగబడి, అక్షరాలన్నీ తిరగబడి కనిపించేవి. దాని ముందు బతికిన సారు కూర్చుని పాఠం చెప్పేవారు. ఏటేటా వెనక ముఖం నీలమవుతూ వచ్చింది. ముందు ముఖం ముడతలు పడుతూ వచ్చింది. గాలి వీస్తే వెనక ముఖం ఊపిరి తీసుకునేది. భుజం మీది చెయ్యి మాత్రం ఎంత ఎండకూ సరిగా వెలిసిపోలేదు. తిరగబడిన చివరి వాక్యం కింద, పైపూత లేచిన చోట, వెలుతురు సన్నని దారంలా మెరిసేది. పిల్లలకు ఆ దారం అలవాటైపోయింది. కొత్తగా వచ్చిన పిల్ల అడిగితే పాతవాళ్లు చెప్పేవాళ్లు. ఆ మాట ఇంకా ఎవురికీ అర్థం కాలేదంట అని.

గీత గీసిన పిల్ల పెరిగి ఆర్టీసీలో కండక్టరైంది. మా రోడ్డు మీదే డ్యూటీ. బస్సులో ఎవరైనా ఫోనులో చూసి ఏదైనా గట్టిగా చెబితే, టికెట్టు కొడుతూనే, "ఎవరు చెప్పినారన్నా? వాళ్లకెట్ల తెలిసె?" అంటుందట. ఆమె బస్సులో పుకారు ఒక స్టేజీ దాటదని డ్రైవరు నవ్వేవాడు.

ఈసారి సారు ఏ ఆస్పత్రికీ పోలేదు. నిద్రలోనే పోయారు. ఫ్లెక్సు కోసం ఎవరూ మోటారు సైకిలు తీయలేదు. ముందు పై వీధి పెద్దమనిషి వచ్చి, సారు పాదాలు ముట్టుకుని చూసి, బయటికి వచ్చి ముఖం కడుక్కున్నాడు. తర్వాత కింద వీధి పెద్దమనిషి వచ్చి చూసుకున్నాడు. అక్క గోడకు ఆనుకుని అంతా చూస్తూ, "చూసుకోండప్పా, బాగా చూసుకోండి. ఈసారి తప్పు రాయొద్దండి" అన్నది. గొంతులో కోపం లేదు.

రెండు వర్గాలూ కలిసి ఒకే ఫ్లెక్సు వేయించాయి. మా ఊరి చరిత్రలో అంత తక్కువ మాటలున్న ఫ్లెక్సు లేదు. ఏం రాయబోయినా ఎవరో ఒకరు, అది మనకెట్ల తెలుసు అన్నారట. లోటు పోయింది, ఆత్మ పోయింది, స్వర్గం పోయింది. చివరికి మిగిలింది ఫోటో, దాని కింద రెండు వాక్యాలు. 'మా సారు ఇక లేరు. మేము చూసి రాస్తున్నాము.'

దాన్ని రోడ్డు మలుపులో ఇనుప చట్రానికి, నిచ్చెన వేసి, మిట్టమధ్యాహ్నం కట్టారు. బస్సులు తగలకూడదని ఎత్తున కట్టారు. కింద నిలబడి కర్రతో చాచినా అందదు.

మట్టి చేసి వచ్చాక నేను అంగడి ముందు స్టూలు మీద కూర్చున్నాను. పని చేయబుద్ధి కాలేదు. ఎండ వాలి ఫ్లెక్సు వెనక్కి పోయింది. ఊరికే అటు చూశాను. అలవాటు చొప్పున తల ఒక పక్కకు వాలింది.

'ఇక లేరు' కింద సన్నని దారం మెరుస్తోంది.

లేచి దగ్గరికి పోయాను. చుట్టి తెచ్చినప్పటి మడత అనుకున్నాను. మడతయితే గుడ్డ అంచు దాకా పోవాలి. ఇది మాట మొదటి అక్షరం కింద మొదలై చివరి అక్షరం కింద ఆగింది. ఫ్లెక్సు కట్టిన పిల్లల్ని పిలిచి అడిగాను. మేం గీయలేదు తాతా, చూడనే లేదు అన్నారు. వాళ్ల ముఖాల్లో అబద్ధం లేదు.

సాయంత్రం బస్సు వచ్చింది. టీ అంగడి ఆమె కూతురు టికెట్ల మిషను మెడలో వేసుకునే దిగింది. డ్యూటీ విడిచి రాలేక మట్టికి అందలేదు. కళ్లు వాచి ఉన్నాయి. నేను ఫ్లెక్సుకేసి చెయ్యి చూపించాను. ఆమె చూసింది.

"నువ్వేనా పాపా?"

"నేనెట్ల గీస్తా తాతా, ఇప్పుడే గదా దిగినా."

"మరి ఎవురు?"

ఆమె మిషను మీద వేలు పెట్టుకుని నిలబడింది. "ఊర్లో సగం మంది సారు దగ్గర చదివినోళ్లే. ఎవురైనా గీసి ఉండొచ్చు. నీకూ తెలీదు, నాకూ తెలీదు. అంతవరకే చదువుదాం తాతా."

అన్నది గానీ ఆమె కదల్లేదు. నేను నిచ్చెన తెప్పించేదా అని అడిగాను, దగ్గర నుంచి చూడడానికి. వద్దన్నది.

"రుద్దితే పోదు గదా. ఉండనీ" అన్నది.

బస్సులోవాళ్లు ఎందుకు ఆగిందో తెలియక కిటికీల్లోంచి చూశారు. మా ఊరివాళ్లు ఆ వెలుగుకేసి చెయ్యి చూపించారు. మొదట ఒక ముసలాయన, తర్వాత పక్కన చంటిపిల్ల తల్లి, తర్వాత ఒక్కో కిటికీలో ఒక్కొక్కరు, కనిపించక మెల్లగా తలలు పక్కకు వాల్చారు. రోడ్డుకు ఇవతల మేమంతా అట్లాగే ఉన్నాం. టీ అంగడి ఆమె, మంగలి, రెండు వీధుల పెద్దమనుషులు. గాలి వీచింది. ఫ్లెక్సులో సారు బుగ్గలు ఒకసారి ఉబ్బి సర్దుకున్నాయి. ఎండ కొండ దిగేదాకా ఎవరూ మెడ ఎత్తలేదు. డ్రైవరు ఇంజను ఆపేశాడు.